శ్రీశ్రీశ్రీ 12.27 గారికి

మహారాజశ్రీ 12.27 ఆంగ్‌స్ట్రామ్ గారి దివ్యసముఖమునకు,

సీనియర్ ఇంటర్ పిల్లల నోట్లో తమరు పొద్దస్తమానం నానుతున్నారు. కదిలే కణానికీ తరంగం ఉంటుందన్న డీబ్రోలీ ఎవరో తెలియకపోయినా ఫర్వాలేదు, తమర్ని ఎలక్ట్రాన్‌ను పరుగెత్తించిన వోల్టేజీ వర్గమూలంతో భాగిస్తే దాని తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో (మీటరులో వెయ్యి కోట్లవ వంతు) చేతిలో పడుతుంది. ప్లాంక్ స్థిరాంకాన్నీ, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశినీ, ఆవేశాన్నీ మింగేసి ఒక్క త్రేన్పు కూడా లేకుండా కూర్చున్నారే, జోహార్లు! ప్రోటాన్ కోసం 0.286, ఆల్ఫా కణం కోసం 0.101 అని ఇద్దరు తమ్ముళ్లు కూడానూ. కుటుంబమంతా ఫార్ములా షీటులో సెటిలైపోయారు.

తమరి దర్బారులో వోల్టేజీలంటే 100, 144, 400. అందరూ వర్గమూలం నోటికొచ్చేవాళ్లే. ఎలక్ట్రాన్లను నికెల్ మీదికి వదిలి చూసిన ఆ డేవిసన్, జెర్మర్‌లకే లోకజ్ఞానం లేదు, పోయి పోయి 54 దగ్గర దొరికిపోయారు.

1925లో వాళ్ల ల్యాబులో ద్రవీకరించిన గాలి సీసా పేలింది. వాక్యూమ్ గొట్టం పగిలి, లోపల వేడిగా ఉన్న నికెల్ ముక్కకు ఆక్సైడ్ పొర పట్టింది. దాన్ని వదిలించడానికి చాలాసేపు కాల్చారు. ఆ కాకకు నికెల్‌లోని సన్న సన్న స్ఫటికాలు పోయి కొద్దిపాటి పెద్ద స్ఫటికాలు తయారయ్యాయి. మళ్లీ ఎలక్ట్రాన్లను వదిలితే కొన్ని దిక్కులకే గుంపుగా పోవడం మొదలెట్టాయి. కొన్నాళ్లు ఆ మనుషులకే అర్థం కాలేదు. చివరికి ఒకే స్ఫటికాన్ని తెచ్చి పెట్టుకున్నారు. 1927లో 54 వోల్టుల దగ్గర, 50 డిగ్రీల కోణంలో చెదిరి వచ్చే ఎలక్ట్రాన్ల లెక్కలో శిఖరం కొట్టొచ్చినట్టు లేచింది. ఎక్స్‌రేలకు చేసినట్టే లెక్క కడితే 1.65 ఆంగ్‌స్ట్రామ్‌లు. తమరు చెప్పేది 1.67. అంటే పదార్థం కూడా కాంతిలాగే అలలా నడుచుకుంటోందన్నమాట! కానీ మా పిల్లలకు ఆ 1.67 వట్టి ఆప్షన్ సి. పగిలిన గొట్టానికి మార్కుల్లేవు కదా.

ఇంకో మనవి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో లక్ష వోల్టులు పెడితే తమరు 0.0388 అంటారు. అక్కడ ఎలక్ట్రాన్ వేగం కాంతివేగంలో సగం దాటేస్తుంది, ఐన్‌స్టీన్ గారి సాపేక్షత అడ్డొచ్చి అసలు విలువ 0.0370కి దిగుతుంది. అయినా తమరికేం టెన్షన్ లేదు. ప్రశ్న చివర బ్రాకెట్లో ‘సాపేక్షతను విస్మరించుము’ అని ఒక్క ముక్క రాస్తే పరువు దక్కుతుంది. ఆ బ్రాకెట్ పెట్టేదెవరో గానీ, తమరికి బాగా కావలసినవాళ్లే అయ్యుంటారు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్