సప్లయర్‌కి మార్కులు ఆఫీసులో కూర్చుని వేస్తే సరిపోదు

ఈమధ్య కెమికల్, ఫార్మా కంపెనీల పర్చేజ్ డిపార్ట్‌మెంట్లలో రేటు, క్వాలిటీ, డెలివరీ పక్కన సస్టైనబిలిటీ స్కోర్ అని ఇంకో కాలమ్ చేరింది, అంటే సప్లయర్ పర్యావరణాన్ని, కార్మికుల భద్రతని ఎంత బాగా చూసుకుంటున్నాడో చెప్పే మార్కులు. మంచిదే, ఎప్పుడో రావాల్సింది. కానీ ఆ కాలమ్‌లోకి నంబర్ ఎలా వస్తోంది, ఎవరు ఏం చూసి వేస్తున్నారు, మార్కులు తక్కువొస్తే ఆర్డర్ నిజంగా ఆగుతోందా అని గట్టిగా అడగాల్సిన టైమ్ ఇది. ఎందుకంటే ఆ సప్లయర్లలో చాలామంది ఉండేది పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురంలోనే, అక్కడ తేడా వస్తే పోయేది మన ఊళ్లలో బతికే జనం ప్రాణాలే.

పద్ధతి లేదని కాదు. 2011లో యూరప్ కెమికల్ కంపెనీలు బీఏఎస్ఎఫ్, బేయర్, ఎవోనిక్, హెంకెల్, లాంక్సెస్, సాల్వే కలిసి టుగెదర్ ఫర్ సస్టైనబిలిటీ అని ఒక కూటమి పెట్టుకున్నాయి, ఒక్కో కంపెనీ విడివిడిగా వచ్చి అదే సప్లయర్‌ని అవే ప్రశ్నలు అడిగే బదులు ఒకసారి చేసిన ఆడిట్‌ని అందరూ వాడుకుందాం అని. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి ఎకోవాడిస్ రేటింగ్: పాలసీలు, సర్టిఫికెట్లు, రిపోర్టులు అప్‌లోడ్ చేస్తే 100కి మార్కులిస్తారు, పైన ఉన్నవాళ్లకి మెడల్స్ కూడా. రెండోది ప్లాంట్‌కి వచ్చి చేసే ఆడిట్. మొదటిది తేలిక, ఖర్చు తక్కువ, అందుకే కొనేవాళ్ల మొగ్గు అటే. మా అభ్యంతరం కూడా అక్కడే, కాగితం మీద అన్నీ కరెక్ట్‌గా ఉండి కూడా ప్లాంట్ ప్రమాదకరంగా ఉండొచ్చు.

2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో జరిగిన గ్యాస్ లీక్ గుర్తు చేసుకోండి. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ అమ్మే కంపెనీ అది, అంటే దాని కస్టమర్లకి అదీ ఒక సప్లయరే. 12 మంది చనిపోయారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పినదాంట్లో ఒక విషయం చూడండి: దాని ముడిసరుకు స్టైరీన్ నిల్వ ఉన్న ఎమ్6 ట్యాంక్‌లో టెంపరేచర్ కొలిచే ప్రోబ్ ఉన్నది అడుగున. పైన సరుకు వేడెక్కి రియాక్షన్ మొదలైనా కింద రీడింగ్ చూసేవాళ్లకి అది తెలియలేదు. ఇప్పుడు ఏ ప్రశ్నపత్రంలోనైనా ‘ట్యాంక్ టెంపరేచర్ మానిటర్ చేస్తున్నారా’ అని అడిగితే వచ్చే జవాబు ‘అవును’, అందులో అబద్ధం లేదు, ఫుల్ మార్కులు పడతాయి. ప్రోబ్ ఎక్కడుంది, ఆ రియాక్షన్‌ని (పాలిమరైజేషన్) ఆపే టీబీసీ అనే కెమికల్ స్టాక్‌లో ఎంతుంది, రాత్రి షిఫ్ట్‌లో కూలింగ్ నడుస్తోందా అని ట్యాంక్ దగ్గర నిలబడి అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచిలో పేలుడు జరిగి 50 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది టాబ్లెట్లలో కలిపే సెల్యులోజ్ పౌడర్, కొనేవి ఫార్మా కంపెనీలు. పౌడర్ క్వాలిటీని లాట్ లాట్‌కీ టెస్ట్ చేసే కొనుగోలుదారులు ఆ పౌడర్ ఆరబెట్టే డ్రయర్ ఉన్న బిల్డింగ్‌లో ఎంతమంది ఉంటారు, డస్ట్ పేరుకోకుండా ఏం చేస్తున్నారు, కాంట్రాక్ట్ లేబర్‌కి ఏ భాషలో ట్రైనింగ్ ఇస్తున్నారు అని ఎన్నిసార్లు అడిగారు? ఈ ప్రశ్నకి జవాబు ఇవ్వాల్సింది సప్లయర్ ఒక్కడే కాదు.

నీళ్ల సంగతి ఇంకా పాతది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లు టెస్ట్ చేస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్ల ఎఫ్లుయెంట్, అంటే ఫ్యాక్టరీ వ్యర్థజలం, వచ్చేది ఆ ప్లాంట్‌కి. ఒక్కరోజులో అక్కణ్ణుంచి పోయే మందు 45 కిలోలు ఉంటుందని, అది స్వీడన్ మొత్తం 5 రోజులు వాడేంత అని వాళ్ల లెక్క. శుద్ధి చేశాం అన్నాక వదిలిన నీళ్లు ఇవి.

ఆ తర్వాత జీరో లిక్విడ్ డిశ్చార్జ్, అంటే వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలకూడదనే పద్ధతి వచ్చింది, చాలా యూనిట్లు ఆ నీళ్లని ఆవిరి చేసి సాల్ట్ మిగిల్చే ఎవాపరేటర్లు పెట్టుకున్నాయి. పెట్టుకోవడం వేరు, రోజూ నడపడం వేరు. ఎవాపరేటర్‌కి స్టీమ్ కావాలి, స్టీమ్‌కి బొగ్గో ఇంకోటో కొనాలి, బాగా ఖర్చు. నిజంగా నడుస్తోందో లేదో తెలుసుకోవాలంటే సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆ నెల బ్యాచ్ షీట్ల ప్రకారం ఎంత ఎఫ్లుయెంట్ రావాలి, ఎవాపరేటర్ లాగ్‌బుక్‌లో ఎంత ఉంది, ఎంత స్టీమ్ కాలింది, కరెంట్ బిల్లు ఎంత, ఎన్ని టన్నుల సాల్ట్ దుండిగల్ డంపింగ్ సైట్‌కి వెళ్లింది, ఈ నాలుగైదు లెక్కలు పక్కపక్కన పెడితే చాలు. ప్రొడక్షన్ పెరిగి స్టీమ్ పెరగకపోతే ఆ నీళ్లు ఎటో పోతున్నట్టే. ఈ పని తెలిసిన కెమికల్ ఇంజనీర్‌కి ఒక పూట పని. డేట్ ముందే చెప్పకుండా రావాలి, వానాకాలంలో రావాలి, గేటు బయట వాగు పక్కన పొలం ఉన్న రైతుని కూడా అడగాలి.

ఇంతా చేసి కొనేది మళ్లీ అందరికంటే తక్కువ రేటు చెప్పినవాడి దగ్గరే అయితే ఏం లాభం? స్కోర్ బాగుండాలి అంటారు, అదే మెయిల్‌లో రేటు ఇంకా తగ్గించమంటారు, పేమెంట్ మూడు నెలలకి చేస్తారు. చిన్న యూనిట్లకి 45 రోజుల్లో డబ్బు కట్టాలని ఎమ్మెస్‌ఎమ్‌ఈ చట్టమే చెబుతోంది. ఎఫ్లుయెంట్ ఖర్చు రేటులో కలిపి చెప్పిన సప్లయర్ ఓడిపోయి, కలపనివాడు గెలుస్తున్నంత కాలం ఆ స్కోర్‌కి విలువ ఉండదు. పర్చేజ్ మేనేజర్‌ని ఎంత ఆదా చేశావు అని మాత్రమే కొలిచే కంపెనీ ముందు ఆ కొలతనే మార్చుకోవాలి.

ప్రభుత్వాలు కూడా తప్పించుకోలేవు. ఎఫ్లుయెంట్‌లో యాంటీబయాటిక్స్‌కి పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో డ్రాఫ్ట్ ఇచ్చి, 2021 ఫైనల్ నోటిఫికేషన్‌లో వాటిని తీసేసింది. 2024 సెప్టెంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ దీనిమీదే గైడెన్స్ ఇచ్చింది కాబట్టి కొలమానం లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు. నార్వే తన హాస్పిటళ్లకి యాంటీబయాటిక్స్ కొనే టెండర్‌లో పర్యావరణానికి 30 శాతం వెయిటేజ్ పెట్టింది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాసుపత్రులకి మందులు కొనే ఏపీఎమ్‌ఎస్‌ఐడీసీ, టీజీఎమ్‌ఎస్‌ఐడీసీ కూడా పెద్ద కొనుగోలుదారులే, మందు ఎక్కడ తయారైంది, ఆ ప్లాంట్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, గత మూడేళ్లలో అక్కడ ఎంతమంది కార్మికులు గాయపడ్డారు అనేవి వచ్చే టెండర్ నుంచే అడిగి, వచ్చిన జవాబుల్ని ప్లాంట్‌కి వెళ్లి సరిచూసి, మార్కులతో సహా జనం ముందు పెట్టాలని మేం కోరుతున్నాం.