ఓడించలేదు నాయనా, ఇంట్లో కూర్చోబెట్టారు

పొద్దున్నే కాఫీ కూడా తాగకముందే మా బైకుల గ్రూపులో ఒక ఫార్వర్డ్. 1956లో జాన్ సర్టీస్ బైకు రేసుల్లో 500 సీసీ విభాగంలో జెఫ్ డ్యూక్‌ని చిత్తుగా ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడట. కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

చిత్తుగానా? ఆ ఏడాది సగం అయ్యేదాకా డ్యూక్‌ని బండే ఎక్కనివ్వలేదు! సీజన్ మొత్తానికి ఉన్నవి ఆరు రేసులు. ఐల్ ఆఫ్ మ్యాన్, హాలండ్‌లోని అసెన్, రెండూ ఆయన లేకుండానే అయిపోయాయి, రెండూ సర్టీస్ ఖాతాలో పడ్డాయి. మనిషిని గదిలో పెట్టి తాళం వేసి, కుస్తీలో గెలిచామని తొడ కొట్టుకోవడం ఏం మర్యాద?

సర్టీస్‌ని ఒక్క మాట అనను. ఆ సీజన్‌లోనే జర్మనీలోని సోలిట్యూడ్ ట్రాక్ మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, అయినా టైటిల్ ఆయనదే. 1964లో ఫెరారీ ఎక్కి ఫార్ములా వన్ కూడా గెలిచాడు. బైకు మీదా కారులోనూ ప్రపంచ ఛాంపియన్ అయినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే. నా గొడవ ఆయనతో కాదు, తాళం వేసినవాళ్లతో.

1955 జులైలో అసెన్‌లో ఏం జరిగిందో ఆ ఫార్వర్డ్ పంపినవాడికి తెలుసా? ఆ కాలంలో ఫ్యాక్టరీ రైడర్లు, అంటే కంపెనీయే బండీ జీతమూ ఇచ్చేవాళ్లు, గుప్పెడు మంది. మిగతావాళ్లు సొంత డబ్బుతో నార్టన్ బండో ఏజేఎస్ బండో కొనుక్కుని, దాన్ని వ్యానులో వేసుకుని దేశదేశాలు తిరిగేవాళ్లు. ఆ వ్యానులోనే పడుకుని, రాత్రిళ్లు వాళ్లే ఇంజన్ విప్పి బిగించుకునేవాళ్లు. ప్రైజు మనీ ముందు వరసలో ముగించినవాళ్లకే. మిగతావాళ్ల బతుకంతా స్టార్ట్ మనీ మీదే, అంటే రేసుకి వచ్చి నిలబడ్డందుకు నిర్వాహకులు చేతిలో పెట్టే డబ్బు. అసెన్‌లో జనం తీర్థంలా వస్తారు, టికెట్లు తెగుతాయి, వీళ్లకి మాత్రం చిల్లర.

350 సీసీ రేసు మొదలైంది. ఒక డజను మంది ఒక్క ల్యాప్ నిదానంగా, ఊరేగింపులా తిరిగి, నేరుగా పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బళ్లు ఆపే చోటికి, వచ్చేశారు. అయిపోయింది, మేం తిరగం! డ్యూక్, రెగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇద్దరూ ఇటలీ కంపెనీ గిలేరా ఫ్యాక్టరీ రైడర్లు, వాళ్లకి ఏ లోటూ లేదు. అయినా వెళ్లి వీళ్ల పక్కన నిలబడ్డారు. నిర్వాహకులు దిగొచ్చారు. 500 రేసు చక్కగా జరిగింది. డ్యూక్ మొదట, ఆర్మ్‌స్ట్రాంగ్ రెండు. జనం చూశారు, ఇళ్లకి వెళ్లారు.

పెళ్లయింది, భోజనాలయ్యాయి, పందిరి కూడా విప్పేశారు. అప్పుడు, నాలుగు నెలలు ఆగి నవంబర్‌లో, అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఎం వారికి కోపం వచ్చింది. డ్యూక్, ఆర్మ్‌స్ట్రాంగ్‌లకి జనవరి నుంచి ఆరు నెలలు నిషేధం. ఆ ప్రైవేటు రైడర్లనీ వదల్లేదు. డ్యూక్ అంటే ఎవరనుకున్నారు? 1953, 54, 55 మూడేళ్లూ 500 సీసీ టైటిల్ ఆయనదే, అంతకుముందువి కలిపితే మొత్తం ఆరు. ఇంట్లో కూర్చోబెట్టింది అలాంటివాణ్ణి.

రేసులు పెట్టేవాళ్ల లెక్కలే అంత. ఆ 1955లోనే ఐల్ ఆఫ్ మ్యాన్‌లో డ్యూక్ ల్యాప్ గంటకి 100 మైళ్లని ముందు ప్రకటించారు. తర్వాత మళ్లీ లెక్కేసి, కాదు, 99.97 అన్నారు. అరవై కిలోమీటర్ల ల్యాపండీ అది! ఊళ్ల మధ్య గోడల పక్కనుంచి, కొండ మీదుగా వెళ్లే రోడ్డు. మా వీధిలో కిరాణా కొట్టాయన కూడా ఆ మూడు పైసలు వదిలేస్తాడు. చివరికి ఆ వంద 1957లో బాబ్ మెకింటైర్ కొట్టాడు, అదీ గిలేరా మీదే. సరే, ఎక్కడో ఉన్నాను.

ఇదంతా గ్రూపులో పెడితే ఒక పెద్దమనిషి జవాబు: "డ్యూక్‌కి జీతం బాగానే వస్తోంది కదా, పక్కవాళ్ల గొడవ ఎందుకు?"

అదీ! ఒళ్లు మండింది అక్కడే. ఎందుకంటే ఈ పెద్దమనిషి నాకు బాగా గుర్తు. కొన్నేళ్ల కిందట మా పక్క ఊళ్లో మట్టి ట్రాక్ మీద రేసు పెట్టారు. కుర్రాళ్ల దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకున్నారు, చూసేవాళ్ల దగ్గర టికెట్టు తీసుకున్నారు. అంబులెన్స్ దారిలో ఉందన్నారు, సాయంత్రం దాకా దారిలోనే ఉంది. మా మేనల్లుడు పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. ఆటోలో తీసుకెళ్లాం. తిరిగొచ్చేసరికి వేదిక మీద ముఖ్య అతిథి గారికి గజమాల! మావాడికి శాలువా, మెమెంటో. కట్టు కట్టిన భుజం మీదే కప్పారు శాలువా, ఫోటో కోసం. ఎక్స్‌రేకి డబ్బులు అడిగితే, "క్రీడాస్ఫూర్తి ఉండాలి బాబూ" అన్నారు. శాలువా పిండితే పెట్రోలు కారుతుందా, ఎక్స్‌రే వస్తుందా?

ఆరోజు వేదిక మీద డబ్బుల కవర్ అందుకున్నది ఒకే ఒక్క రైడర్, ఈ పెద్దమనిషే. పేరున్నవాడు, పోస్టర్ మీద బొమ్మ ఉన్నవాడు. "అన్నా, నువ్వు ఒక్క మాట చెప్పన్నా, వింటారు" అని కుర్రాళ్లు చుట్టూ మూగారు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, "మనకెందుకురా, వచ్చే ఏడాది పిలవరు" అని కారెక్కాడు.

వచ్చే ఏడాది రేసే పెట్టలేదు, అది వేరే సంగతి.

మావాడి భుజం ఇప్పటికీ వానాకాలంలో లాగుతుంది. శాలువా మా అక్క బీరువాలో ఉంది, మడత విప్పలేదు. ఆ రోజు పెట్రోలు బిల్లు నా పర్సులో ఉంది, 640 రూపాయలు, అంకెలు సగం చెరిగిపోయాయి. ఇప్పుడే ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, ఒక్కడూ పలకడం లేదు.