లోతు బోరు నీరు రాయి వడగట్టిన నీరు కాదు

విశాఖపట్నం అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక సందేశం ప్రకారం, రెండు వందల అడుగులు దాటిన బోరు నీటిని రాతి పొరలే వడగడతాయి, పైనున్న మురుగు అంత లోతుకు దిగడానికి వందల ఏళ్లు పడుతుంది, లోతు పెంచితే ఉప్పు తగలదు, నీరు తేటగా ఉంటే పరీక్ష అక్కరలేదు.

వడగట్టడం ఇసుక నేలకు కొంతవరకు నిజం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వంటి చోట్ల నీరు రేణువుల సందుల్లోంచి మెల్లగా ఇంకుతుంది. నీరు అలా ఇంకే వేగాన్ని లెక్కగట్టే సూత్రాన్ని 1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ప్రకటించాడు; అది అటువంటి ఇసుకతో చేసిన ప్రయోగాల ఫలితమే. అయితే కైలాసగిరి, సింహాచలం కొండలు ఖొండలైటు రాయివి. పైభాగం శిథిలమై ఎర్రటి మన్నుగా మారినా, అడుగునున్న గట్టి రాతిలో నీరు కదిలేది పగుళ్లలోనే. బోరు వేసేవారు ‘నీళ్లు పడ్డాయి’ అనేది అలాంటి పగులు తగిలినప్పుడే. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పున్న పగులైనా, ఒక మైక్రాను ఉండే బ్యాక్టీరియాకు వంద రెట్లు వెడల్పైన దారి.

వందల ఏళ్ల మాట బంకమట్టికి సరిపోవచ్చు. అదే సన్నని పగులులో, నీటిమట్టం నూరు మీటర్లకు ఒక మీటరు వాలితే, నునుపైన గోడలనుకుని వేసిన లెక్కకు నీటి వేగం రోజుకు సుమారు 7 మీటర్లు. గోడల గరుకుదనం దాన్ని తగ్గిస్తుంది, నడుస్తున్న మోటారు పెంచుతుంది. పైగా బోరు పైభాగంలో మన్ను కూలకుండా దించే కేసింగ్ పైపును సాధారణంగా గట్టి రాయి తగిలేవరకే దించుతారు. దాని చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటుతో పూడ్చకపోతే, పక్కనే ఉన్న సెప్టిక్ ట్యాంకు మురుగు పైపు వెంబడే దిగిపోతుంది. మన ఇరుకు స్థలాల్లో ఆ రెంటి మధ్య ఎంత ఎడం ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఉప్పు సంగతి తలకిందులు. తీరంలో సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరుంటుందని స్థూలమైన లెక్క. కాబట్టి అక్కడ లోతుకు పోయేకొద్దీ ఉప్పునీటికి దగ్గరవుతాం.

ఇక తేటదనం. మురుగు నుంచి వచ్చే నైట్రేటుకు రంగూ వాసనా ఉండవు. సీసం వంటి లోహాలను కొంత పట్టి ఉంచే బంకమట్టి దీన్ని ఆపదు, ఎందుకంటే బంకమట్టిదీ నైట్రేటుదీ రుణావేశమే, అవి ఒకదాన్నొకటి వికర్షిస్తాయి. మరిగిస్తే పోకపోగా, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. అది చెప్పగలిగేది ప్రయోగశాల పరీక్షే. దానితోపాటు, మురుగు కలిసిందని సూచించే బ్యాక్టీరియాను పట్టే కోలిఫాం పరీక్షను వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించాలి.