డీఫ్రాస్ట్ బటన్ ఎవరు ఒత్తిండ్రు?

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు పేరుకుంటే పట్నం వచ్చిన నాయనమ్మ చెయ్యి ఊరుకోదు. మల్కాజిగిరిలో ఓ ఫ్లాటు. ఏడు నెలల మనవడి కోసం సిద్దిపేట నుంచి దిగిన నాయనమ్మకి ఫ్రీజర్‌లో బఠాణీల పాకెట్టు మంచుకు అతుక్కుని ఎంత గుంజినా రాలేదు. నాబ్ నడుమనున్న బటన్ ఒత్తింది. అది ఒత్తితే కంప్రెసర్ ఆగిపోతుంది, మంచు మొత్తం కరిగాకే మళ్లీ మొదలవుతుంది. బఠాణీలు వచ్చాయి. వాటితోపాటు కోడలు ఆఫీసు విరామాల్లో పిల్లాడి కోసం పిండి దాచిన పన్నెండు పౌచ్‌ల తల్లిపాలూ కరిగాయి.

"అత్తమ్మా, బటన్ ఎవరు ఒత్తిండ్రు?"

"గడ్డ కట్టింది గదా బిడ్డా, జర సాఫ్ చేద్దామని."

ఈ రకం ఫ్రీజర్ ఎప్పుడూ మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలబడేది కాదు. వేరే తలుపున్న ఫ్రీజర్‌లో ఆరు నెలలుండే పాలను ఇందులో రెండు వారాలకు మించి నమ్మకూడదు. కోడలికి అది తెలుసు. ఒక్కో పౌచ్ మీద తేదీ కూడా రాసి పెట్టుకుంది. బటన్ మీద మాత్రం ఏమీ రాయలేదు.

పౌచ్‌లను వేళ్లతో నలిపి చూసింది. మూడింటిలో ఇంకా ఐసు పలుకులు తగిలాయి, అవి మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లొచ్చు. పూర్తిగా కరిగిన తొమ్మిదింటిని మళ్లీ గడ్డ కట్టించకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడెయ్యాలి. ఒక్కోటి 90 ఎం.ఎల్., మొత్తం 810. పిల్లాడు సీసాతో మూడుసార్లు తాగినా 270. జావలో, గుజ్జన్నంలో కలిపితే ఇంకో 120. మిగిలిన 420 ఎవరు తాగాలి?

"నీలోఫర్ దవాఖానల తల్లిపాల బ్యాంకు ఉంది గదా, అండ్ల ఇయ్యరాదు?" అంది పక్కింటి ఆంటీ. పాల బ్యాంకులు రక్తపరీక్షలైన తల్లుల పాలు తీసుకుని, 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి వాడతాయి. బఠాణీల పక్కన కరిగిన సరుకు వాళ్లకెందుకు?

మొదటి సీసా బాధ్యత నాన్నది. మైక్రోవేవ్ తలుపు తెరవబోతే ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి అరిచారు. అందులో పాలు ఒకచోట చల్లగా, ఇంకోచోట నోరు కాలేంత వేడిగా తయారవుతాయి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టి, పైకి తేలిన వెన్న కలిసేలా మెల్లగా తిప్పాడు. వాసన చూశాడు. సబ్బు! పాలు పారబోసి, సీసా మళ్లీ తోమి, రెండో పౌచ్ పోశాడు. అదే సబ్బు. తప్పు సీసాది కాదు, పాలలోని లైపేజ్‌ది. నిల్వలో అది కొవ్వును విరగ్గొట్టడంతో ఆ వాసన వస్తుంది. పాలు చెడినట్టు కాదు. కొందరు పిల్లలు మూతి తిప్పుకుంటారు, అంతే. అలాంటప్పుడు మెత్తగా మెదిపిన చిలగడదుంపలోనో అరటిపండులోనో కలిపితే లోపలికి పోతుంది. ఆ సంగతి తెలిసేలోపు 90 ఎం.ఎల్. సింకు పాలైంది.

ఇక జావ. నాయనమ్మ రాగిజావ చెంచా నిలబడేంత చిక్కగా కాచి, వెచ్చగా ఉండగానే పాలు పోసి, పిల్లాడు లేస్తాడని మూతపెట్టింది. పావుగంటకి మూత తీస్తే చారు. చెంచాతో పెడితే సగం గడ్డం మీద, సగం బిబ్ మీద. తల్లిపాలలో ఎమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, గంజి పదార్థాన్ని కోసి పలుచన చేస్తుంది. వెచ్చగా ఉంటే దాని పని మరీ జోరు. జావను విడిగా ఆరనిచ్చి, తినిపించే ముందే పాలు కలుపుకోవాలి. పలుచబడ్డ జావతో హాని లేదు, ఉతుకుడు పని తప్ప. నాయనమ్మ వాదన వేరు: "పిండిల కల్తీ ఉన్నది."

మర్నాటికి 24 గంటలు దాటాయి. పౌచ్‌లు పారబొయ్యమని చెప్పి కోడలు ఆఫీసుకెళ్లింది. పాలు పారబోసే చెయ్యి కాదు నాయనమ్మది. గిన్నెలో పోసి, కాచి, చెంచాడు తోడు వేసి మూతపెట్టింది. బర్రెపాలు గట్టిగా తోడుకునేది అందులోని కేసిన్ వల్ల; ఆ పాల ప్రొటీన్‌లో 80 శాతం దాకా కేసినే. తల్లిపాలలో అసలు ప్రొటీనే వందకు ఒక గ్రాము, అందులో కేసిన్ సగం కూడా ఉండదు. సాయంత్రానికి గిన్నెలో పుల్లటి నీళ్లు, పైన నాలుగు తునకలు.

నాయనమ్మ గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది.

"మా తోడు మంచిగ లేదమ్మా, జర మీ పెరుగు ఇంతంత ఇస్తవా?"