ఇల్లు ఖాళీ చేయని సెనెసెంట్ కణం గారికి

మహారాజశ్రీ సెనెసెంట్ కణం గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేం క్షేమం అని రాయలేను. అక్కడ, మా పిన్ని ఒంట్లో, విభజన మానేసినా చావని ముసలి కణమైన మీరు మాత్రం కడుపులో చల్ల కదలకుండా ఉన్నారని తెలుసు. ఈ ఉత్తరం అందుకే.

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ కీమో మొదలైన రోజు పక్కన నేనే కూర్చున్నాను. మందు ఎర్రగా, తిరనాళ్లలో అమ్మే షర్బత్ రంగులో ఉంది. నర్సమ్మ సిరంజితో మెల్లగా ఎక్కిస్తూ, "మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమని కంగారు పడకండమ్మా" అంది. దాని పేరు డాక్సోరూబిసిన్. కణాల డీఎన్‌ఏని తెగ్గొట్టడం దాని పని. ఆ దెబ్బకి చాలా కణాలు మర్యాదగా చచ్చిపోతాయి. చావకుండా, "ఇక పిల్లల్ని పెట్టను" అని ఒట్టేసుకుని కూర్చునే ఘనులు మీరు. మీలో క్యాన్సర్ కణాలూ ఉంటాయి, ఏ పాపం ఎరగని మామూలు కణాలూ ఉంటాయి.

ఆ ఒట్టుకి మిమ్మల్ని మెచ్చుకున్న రోజులూ ఉన్నాయి. మనిషి కణాలు గాజుపాత్రలో సుమారు 50 సార్లు రెట్టింపై ఆగిపోతాయని 1961లో ఫిలడెల్ఫియాలో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అంతవరకూ కణాలు చిరంజీవులనే నమ్మేవారు. దెబ్బతిన్న కణం పెరగకుండా ఆగడం క్యాన్సర్‌కి కళ్లెమేనని తర్వాత తేలింది. గాయాలు మానడంలోనూ మీ చెయ్యి ఉందట. కాదనను.

కానీ రిటైరైనవాడు క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలా, వద్దా? మీరేమో ఒళ్లు పెంచి, పెసరట్టులా పరుచుకుని, అరుగు మీద చేరి పుల్లలు పెడుతున్నారు. ఐఎల్-6, ఐఎల్-8 అనే సంకేత ప్రోటీన్లు విసురుతూ వీధి వీధంతా ఆకాశరామన్న ఉత్తరాలు! వాటితోపాటు కణాల మధ్య గోడలు కొరికే ఎంజైములు. ఈ నిర్వాకం మొత్తానికి శాస్త్రవేత్తలు సాస్ప్ (SASP) అని పేరు పెట్టారు. మీ ఉత్తరాలు చదివి పక్కింటి కణం కూడా ముసలిదైపోతుంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరచడమంటే ఇదే. అసలు కడుపుమంట ఇంకోటుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడన్నట్టు, మీరు రాజేసిన ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) దగ్గరే, మందు తప్పించుకున్న క్యాన్సర్ కణం చలి కాచుకుంటుంది.

ఎలుకల్లో మీ బండారం 2017లో బయటపడింది. కీమో తర్వాత మిమ్మల్ని ఏరి పారేస్తే ఎలుకలు మళ్లీ చక్రం మీద హుషారుగా పరిగెత్తాయి, గుండె మెరుగ్గా పనిచేసింది, క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గింది.

ఈ సంగతి ఎలా పాకిందో, బాబాయికి చేరేసరికి ఉల్లిపాయగా మారింది. మిమ్మల్ని చంపే మందుల జంటగా దాసాటినిబ్, క్వెర్సెటిన్‌లను 2015లో ప్రకటించారు. మొదటిది రక్త క్యాన్సర్ మందు. రెండోది ఉల్లిపాయలో కూడా ఉంటుంది. అంతే, మా ఇంట్లో మూడు పూటలా ఉల్లిపాయ. కీమో వికారంలో ఉన్న పిన్ని ఆ వాసనకే బాత్రూమ్‌కి పరిగెత్తేది. డాక్టరుగారు విని, "ఉల్లిపాయ తింటే తినండి, క్వెర్సెటిన్ పేరుతో అమ్మే క్యాప్సూల్స్ మాత్రం నన్నడక్కుండా వేసుకోకండి" అన్నారు. మిమ్మల్ని గెంటడానికి నావిటోక్లాక్స్ మందు అనే కోర్టు అమీనా కూడా ఉన్నాడు. వాడి తంటా ఏమిటంటే, మీ సామానుతోపాటు ప్లేట్‌లెట్లని కూడా ఎత్తుకుపోతాడు.

పిన్ని కీమో అయిపోయి ఆరు నెలలు. స్కాన్‌లో ఏమీ లేదు. మీరు స్కాన్‌లో కనిపించే రకం కాదు. ముక్క కోసి రంగేస్తే నీలంగా బయటపడతారు, అంతే. చుట్టాలొచ్చి "జుట్టు వచ్చేసిందిగా, ఇంకేం నీరసం?" అంటారు. ఆవిడ నీరసం నూటికి నూరుపాళ్లూ మీ పనేనని రుజువు చెయ్యలేను. అనుమానం మాత్రం మీ మీదే.

డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి బయల్దేరిన మనిషి నాలుగో మెట్టు దగ్గర ఆగి గోడ పట్టుకుంది. నేను లేవాలి.

ఉంటాను. మీరు మాత్రం ఉండకండి.

ఇట్లు,
ఇంటి ఓనరుగారి అక్క కొడుకు