పుంజు ఉండాలా వద్దా: పరువు మాట పక్కన పెట్టి ఆలోచిద్దాం

ఉగాది నాటి మన తెలుగు సమాజం సర్వసభ్య సమావేశంలో, పెరట్లో పుంజును పెంచుతున్న ఒక సభ్యురాలిని ఉద్దేశించి, "ఈ పల్లెటూరి అలవాట్లు బరంపురంలో మన పరువు తీస్తున్నాయి" అని ఒక పెద్దాయన అన్నప్పుడు హాల్లో చాలామంది నవ్వారు. ఆమె మారు మాట్లాడలేదు. కూత వల్ల నిద్ర చెడుతున్నదని ఆయన చెప్పి ఉంటే అది న్యాయమైన ఫిర్యాదే అయ్యేది. పరువు మాట ఎత్తడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చిన నాటికే మన ఇళ్ళూ పెరళ్ళూ ఇక్కడ ఉన్నాయి. కోళ్ళను మనం ఎక్కడి నుంచో మోసుకురాలేదు.

మా ఇంట్లో ఆరు పెట్టలున్నాయి. వాటికి ఒక పుంజును తేవాలా వద్దా అని నేనూ మా ఆవిడా కొంతకాలంగా తర్జనభర్జన పడుతున్నాము కనుక, ఆ సభలో ఎవరూ ఎత్తని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

గుడ్ల కోసమే అయితే పుంజు అక్కరలేదు. పైగా మన ఎండల్లో పుంజు కలవని పెట్ట గుడ్డే ఎక్కువ రోజులు నిలుస్తుంది. జీవమున్న గుడ్డులో ఆ వేడికే పిండం పెరగడం మొదలై, గుడ్డు త్వరగా చెడుతుంది. పిల్లలు కావాలనుకుంటే ముందు పెట్టల జాతి చూసుకోవాలి. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు గుడ్లు బాగా పెడతాయి గాని సాధారణంగా పొదుగుకు కూర్చోవు. నాటు పెట్ట 21 రోజులు గుడ్లను అంటిపెట్టుకుని ఉండి పిల్లలను లేపుతుంది. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలుండాలి; రెండు మూడింటి మధ్యే వదిలితే వాటి వీపు మీది ఈకలు రాలిపోయి తోలు బయటపడుతుంది.

అయితే పుంజు వల్ల కలిగే మేలు పిల్లలతో అయిపోదు. ఇచ్ఛాపురంలో మా మేనత్త పెరట్లో ఒక డేగ పుంజు, అంటే ఎర్ర ఈకల పుంజు, ఉండేది. పెంటకుప్పను కాలితో గీరి, పురుగు దొరికితే తాను మింగకుండా ముక్కుతో ఎత్తి వదులుతూ, టుక్కు టుక్కుమని గొంతులోనే పెట్టలను పిలిచేది. అవి తింటున్నంతసేపూ తల పక్కకు వంచి ఒంటి కంటితో ఆకాశాన్ని చూసేది. ఒక మధ్యాహ్నం, మాకెవరికీ గద్ద కనబడకముందే, అది సన్నగా సాగదీసి అరిచింది. పెట్టలూ పిల్లలూ క్షణంలో గడ్డివాము కిందికి దూరాయి. "ఇది వచ్చాక కోళ్ళకు నేను కాపలా కాయడం లేదురా" అనేది అత్త. మన పెద్దలకున్న ఇంత తెలివిని చూసి సిగ్గుపడాలా?

కూత సంగతి దాచనవసరం లేదు. గంప కింద చీకట్లో మూస్తే పుంజు కూయదని చాలామంది నమ్ముతారు. కానీ మసక వెలుతురు తప్ప మరేమీ లేని గదిలో ఉంచినా పుంజులు తమ లోపలి గడియారాన్ని బట్టే కూస్తాయని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. గోడకు గోడ ఆనుకున్న మన వీధుల్లో పసిపిల్లల తల్లులకు, పరీక్షలకు చదివే పిల్లలకు ఇది నిజమైన బాధ. పుంజును తెచ్చేవారు ముందు పక్కింటివారిని అడగాలి.

ఇంకొకటి. లేచిన పిల్లల్లో సుమారు సగం పుంజులే అవుతాయి, సంక్రాంతికి కత్తి కట్టేవాళ్ళు వాటికోసం బేరానికి వస్తారు. కోళ్ళను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. సంప్రదాయం పేరిట సాగే ఆ నెత్తుటి ఆటను నేను ఏనాడూ సమర్థించను. అలాంటివారికి అమ్మే ఉద్దేశం ఉన్నవారు పుంజును పెంచకపోవడమే మేలు.

మాది గోడ ఆనుకున్న ఇల్లు కనుక మేము పుంజును తేవడం లేదు. కానీ కార్యవర్గానికి చేతులు జోడించి చెబుతున్నాను: పుంజులు వద్దని తీర్మానం చేయకండి. పెద్ద పెరళ్ళున్నవారిని వాటిని ఉంచుకోనివ్వండి. మా పెట్ట పొదుగుకు వచ్చినప్పుడు వారి ఇంటి నుంచి గుడ్లు తెచ్చుకుని పొదగేస్తాం. ఏడో నాటి రాత్రి టార్చికి పట్టి చూసి, ఎర్రటి నరాలు కనబడని గుడ్లను తీసేస్తాం. ఈ పద్ధతి నచ్చినవారు తమ పేర్లు కార్యదర్శికి ఇస్తే, ఎండలు తగ్గేలోగా ఎవరింట పుంజు ఉన్నదో, ఎవరింట నాటు పెట్ట ఉన్నదో ఒక జాబితా రాసుకోవచ్చు.