ప్లాటినా పుస్తకం, మార్టినో వంట

వాది: పదిహేనో శతాబ్దపు ఇటలీ రచయిత బార్తొలోమియో సక్కి, సొంతూరు పియాదేనా పేరుతో ప్లాటినా అయినవాడు. రోము మతగురువులైన పోపుల చరిత్ర రాశాడు, ఒప్పుకుంటాను. 1470 ప్రాంతంలో రోములో అచ్చయిన ఆ లాటిన్ వంటల పుస్తకం మాత్రం ఆయనది కాదు. వంటకాల్లో ఎక్కువ భాగం కార్డినల్ త్రెవిజాన్ వంటవాడు మార్టినోవి.

ప్రతివాది: ఆ మాట ప్లాటినాయే పుస్తకంలో రాశాడు, మార్టినోను ఆకాశానికెత్తుతూ. దొంగ పేరు చెబుతాడా? పైగా పది భాగాల్లో మొదటి ఐదింట్లో ఉన్నది ఏది వేడి, ఏది చలవ, దేన్ని ముందు తినాలి అన్న చర్చ. అది మార్టినోలో లేదు.

వాది: అదీ చాలావరకు ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ దగ్గర తెచ్చిన సరుకే. వండిన చెయ్యి ఎలా రాస్తుందో మార్టినో సిసిలీ మకరోనీలో చూడండి. తెల్లటి గోధుమపిండి, గులాబీ నీళ్లో మామూలు నీళ్లో, రెండు పళ్లేలకు ఒకటి రెండు గుడ్ల తెల్లసొన, అంతకు మించి వద్దు. పిండి గట్టిగా ఉండాలి. మెత్తబడితే ఊచ లాగగానే బొక్క మూసుకుపోతుంది. జానెడు పొడవున, గడ్డిపరకంత సన్నగా చేసి, సన్నటి ఇనుప ఊచ పెట్టి బల్ల మీద రెండు చేతులా దొర్లించాలి. ఎండబెడితే రెండు మూడేళ్లు నిలవ. ఉడకడానికి రెండు గంటలు! ఇవాళ్టి ఇటలీలో ఎవరూ ముట్టరనుకోండి, అది వేరే సంగతి.

ప్రతివాది: మార్టినో రాతప్రతి కొద్దిమంది చేతుల్లోనే తిరిగింది. లాటిన్‌లోకి వచ్చి అచ్చయ్యాకే ఆ వంట ఆల్ప్స్ దాటింది.

వాది: 1487లో అదే పుస్తకాన్ని మళ్లీ ఇటాలియన్‌లోకి దించారు. వంటవాడి భాషలోంచి బయల్దేరి, వంటవాడి భాషకే! సరే, చరిత్రకు వద్దాం. 1464లో పోపు రెండో పాల్ ప్లాటినా కొలువు ఊడగొట్టాడు. బెదిరింపు ఉత్తరం రాసినందుకు నాలుగు నెలలు జైలు. 1468లో కుట్ర నేరం మోపి మళ్లీ చెర, చిత్రహింస. ఆ పోపు చనిపోయాక ఈయన రాసిందేమిటి? చావుకు ముందు రెండు పెద్ద కర్బూజాలు తిన్నాడని! పగ కాదా?

ప్రతివాది: పగే. కానీ గుడ్డి పగ కాదు. కర్బూజా చలవ, తడి గుణం. పరగడుపున తింటేనే అరుగుతుందని ఆనాటి వైద్యం. వంటల పుస్తకంలో ఆయన చెప్పిందీ అదే. 1479లో పోపుల చరిత్ర అచ్చయినప్పుడు చదివినవాళ్లకు ఆ వాక్యం రోగనిర్ధారణలా వినిపించి ఉంటుంది.

వాది: మరీ ఘోరం. ఎక్కడ గుచ్చాలో తెలిసి గుచ్చాడన్నమాట.

ప్రతివాది: పాల్ అధ్యాయాన్ని వేరే సాక్ష్యాలతో సరిచూడకుండా వాడకండి, నేనూ వాడను. కానీ పీతలు, చేపలు, ఉప్పు పందిమాంసం అంటే ఆ పోపుకు ప్రాణమని అక్కడే ఉంది. పొగడ్తలు రాసే ఆస్థాన కవి అవి రాస్తాడా?